తుప్పుకూ ఓ లెక్క ఉంది

కరీంనగర్ బస్టాండ్‌లో ఆగి ఉన్న పాత పల్లెవెలుగు బస్సును ఒకసారి తేరిపార చూడండి. ఎక్కేవాళ్లు పట్టుకునే కమ్మీ మీద రంగన్నదే మిగలదు, ఇనుము నున్నగా మెరుస్తుంటుంది. దానికి జానెడు దూరంలో అదే రోజు, అదే డబ్బాలోంచి తీసి వేసిన రంగు చెక్కుచెదరకుండా ఉంటుంది. కిటికీ కింది మూలలో ఒక పగులు, దాని నుంచి కిందికి జారిన గోధుమరంగు చార. వెనక టైరు పక్కన రేకు నిండా చిన్నచిన్న పెచ్చులు. ఎండ నేరుగా పడేచోట రంగు వెలిసిపోయి, చెయ్యి రాస్తే పొడి అంటుకుంటుంది. బస్సు ఒకటే, ఎండావానా ఒకటే. అరుగుదల మాత్రం ఒక్కోచోట ఒక్కో తీరు. ఎందుకు?

బస్సు మెకానిక్కుల కంటే ఈ ప్రశ్న స్కేల్ మోడళ్లు చేసేవాళ్లను ఎక్కువ వేధిస్తుంది. లారీనో విమానాన్నో రైలింజన్‌నో 35వ వంతుకో 72వ వంతుకో కుదించి, ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసే హాబీ ఇది. కొలతలన్నీ మిల్లీమీటరు తేడా లేకుండా కుదిరినా, రంగు కొత్తగా నిగనిగలాడుతుంటే అది లారీలా కనిపించదు, బొమ్మలాగే కనిపిస్తుంది. అందుకే మోడలర్లు చివర్లో దాన్ని కావాలని పాతబరుస్తారు. పెచ్చులు ఊడగొడతారు, తుప్పు పట్టిస్తారు, దుమ్ము కొడతారు. ఈ పనికి వాళ్లు వాడే మాట వెదరింగ్. 1970ల, 80లలో బెల్జియంకు చెందిన ఫ్రాంస్వా వెర్లిండెన్, అమెరికాకు చెందిన షెపర్డ్ పెయిన్ లాంటివాళ్లు దీన్ని ఒక కళగా నిలబెట్టారు. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ సినిమాలోని అంతరిక్ష నౌకలు నిజమేననిపించడానికి వాటి నమూనాల మీద పూసిన మసి, గీతలు, మరకలు ఒక ముఖ్య కారణం.

మరకలు ఎవరైనా వేయొచ్చు. నమ్మేలా వేయడమే కష్టం. ఏ పెచ్చు ఎందుకు ఊడిందో తెలియకుండా కుంచె పట్టుకుంటే మోడల్ పాతబడదు, మురికిపడుతుందంతే. ఆ కారణాలు నేర్చుకోవడానికి ఉత్తర తెలంగాణను మించిన బడి లేదని నా అభిప్రాయం. రామగుండం బొగ్గు గనుల డంపర్లు, కరీంనగర్ గ్రానైట్ దిమ్మెలు మోసే ట్రెయిలర్లు, ఆదిలాబాద్ పత్తి లారీలు అన్నీ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. ఇక రంగు పొరల గురించి చెప్పడానికి నిర్మల్ ఉంది.

నిర్మల్ బొమ్మలో ఎన్ని పొరలు?

నిర్మల్ బొమ్మల పని చేసే నకాషీ కుటుంబాల పద్ధతి చూస్తే రంగు అంటే ఒక్క పూత కాదని అర్థమవుతుంది. తేలికైన పొనికి కర్రను బాగా ఆరబెట్టి ముక్కలుగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన లప్పంతో ఆ ముక్కల్ని అతుకుతారు, సందులు పూడుస్తారు. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, తెల్లటి పూత వేస్తారు. ఆ తర్వాతే అసలు రంగు. ఒకప్పుడు ఆకుల నుంచి, ఖనిజాల నుంచి తీసిన రంగులు వాడేవారు, తర్వాత డ్యూకో రంగులు వచ్చాయి.

ఈ వరుసలో ప్రతి పొరకూ ఒక పని ఉంది. కర్రలోని సన్నటి రంధ్రాలను లప్పం మూస్తుంది. తెల్లపూత పై రంగుకు పట్టు ఇస్తుంది, పైగా కింది కర్ర ఛాయ పైకి కనబడకుండా ఆపుతుంది. పై రంగు అందాన్నిస్తుంది. లారీ బాడీ షెడ్డులోనూ వరుస ఇదే. అక్కడ ఇనుప రేకు, దాని మీద రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, లప్పం, ఆపైన రంగు. కారు కంపెనీలో పొరల పేర్లు మారతాయి, అన్నీ కలిపి మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అంటే రెండు తలవెంట్రుకల మందం అనుకోండి.

కాబట్టి పెచ్చు ఊడటం అంటే ఈ పొరల్లో ఎక్కడో ఒకచోట పట్టు వదలడం. పై రంగు మాత్రమే లేస్తే కింద ప్రైమరు కనబడుతుంది. దెబ్బ లోతుగా తగిలితే రేకు కనబడుతుంది. పాత నిర్మల్ బొమ్మ అంచు రాలితే ముందు తెలుపు, తర్వాత కర్ర బయటపడతాయి. వానాకాలం తేమకు కర్ర ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. ఈ కదలిక పోగు పొడవునా చాలా తక్కువ, అడ్డంగా ఎక్కువ. అందుకే కర్ర బొమ్మల మీద పగుళ్లు తరచుగా పోగు వెంబడే సాగుతాయి.

మోడలర్ మొదట తేల్చుకోవాల్సింది ఇదే. నేను చేస్తున్న వస్తువు అసలు రూపంలో దేనితో చేసింది? దాని మీద ఏ పొర తర్వాత ఏ పొర ఉంది? విమానం అల్యూమినియంతో చేసింది, దాని పెచ్చుల్లో ఎర్రటి తుప్పు పూయడం తప్పు. అక్కడ వెండి రంగు గానీ, ప్రైమరు తాలూకు పసుపుపచ్చ, ఆకుపచ్చ ఛాయలు గానీ కనబడాలి. చెక్క తొట్టి లారీకి రంగు పోయినచోట బూడిదరంగు కర్ర కనబడాలి. కర్రలోని లిగ్నిన్‌ను ఎండ విరగ్గొట్టాక, వాన దాన్ని కడిగేశాక మిగిలే రంగు అది.

అంచు దగ్గరే ఎందుకు ముందు పోతుంది?

తలుపు అంచు, బంపర్ మూల, మెట్టు కొస... రంగు ముందు పోయేది ఇక్కడే. అందరి చేతులూ కాళ్లూ తగిలేది అక్కడే కాబట్టి అనుకుంటాం. అది సగం నిజం. మిగతా సగం రంగు వేసిన రోజునే మొదలవుతుంది.

తడి రంగు ద్రవం కదా, దానికి తలతన్యత ఉంటుంది. ద్రవం తన ఉపరితలాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది. పదునైన అంచు మీద పరుచుకున్న రంగు ఆరేలోపే అటూ ఇటూ ఉన్న చదును భాగాల వైపు లాక్కుంటుంది. ఫలితంగా అంచు మీద పొర పల్చబడిపోతుంది. పైనుంచి చూస్తే అంతా ఒకేలా ఉంటుంది గానీ అంచు దగ్గర రక్షణ పుట్టుకతోనే తక్కువ. వంతెనల ఉక్కుకు రంగు వేసే ఇంజినీర్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే అంచులకు, వెల్డింగ్ అతుకులకు, బోల్టు తలలకు కుంచెతో విడిగా ఒక అదనపు పూత వేయిస్తారు.

ఇక దెబ్బల సంగతి. ఇక్కడ రెండు రకాలను విడదీయాలి, చాలామంది మోడలర్లు కలిపేసేది ఇక్కడే. పెచ్చు వేరు, అరుగు వేరు. టైరు ఎగరేసిన కంకరరాయి రేకుకు తగిలితే రంగు ఒక్కసారిగా విరిగి లేస్తుంది. దాని అంచులు పదునుగా, ఆకారం వంకరటింకరగా ఉంటుంది. చేతులు, బూట్లు, తాళ్లు ఏళ్ల తరబడి రాసుకుంటే రంగు కొద్దికొద్దిగా సన్నబడుతుంది. దాని హద్దు పదునుగా ఉండదు. మధ్యలో మెరిసే ఇనుము, చుట్టూ ప్రైమరు వలయం, ఆ తర్వాత మాసిన రంగు, చివరికి అసలు రంగు. బస్సు కమ్మీ మీద ఉన్నది అరుగు, టైరు పక్కన ఉన్నది పెచ్చు. రెంటినీ ఒకే కుంచెతో ఒకే తీరున వేస్తే చూసేవాడికి కారణం చెప్పలేకపోయినా, ఎక్కడో తేడా కొడుతుంది.

బాక్స్: 2 సెంటీమీటర్ల పెచ్చు ఎంత?

మోడళ్లలో బాగా వాడుకలో ఉన్న స్కేలు 1:35. జపాన్ కంపెనీ టామియా 1960ల మొదట్లో ఒక ట్యాంకు బొమ్మ చేస్తూ, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకుంది. తర్వాత కొలిస్తే అది 35వ వంతు అని తేలింది. ఒక కంపెనీ అవసరం ప్రపంచానికి ప్రమాణమైంది.

అసలు లారీ మీద 2 సెంటీమీటర్ల పెచ్చు అంటే చెప్పుకోదగ్గదే. 1:35లో అది 0.57 మిల్లీమీటర్లు. 1:72లో 0.28 మిల్లీమీటర్లు. తిప్పి చూద్దాం. 1:35 మోడల్ మీద మీ కుంచె 2 మిల్లీమీటర్ల మచ్చ పెడితే అసలు బండి మీద అది 7 సెంటీమీటర్ల గాయం. అలాంటివి వంద పెడితే ఆ బండి ఒళ్లంతా గాయాలే.

మందానిదీ ఇదే గొడవ. మోడల్ మీద మీరు వేసిన పూత 20 మైక్రాన్లే అయినా, 1:72 లెక్కన అసలు విమానం మీద అది 1.4 మిల్లీమీటర్ల రంగు. ఏ విమానానికీ అంత మందం ఉండదు. అందుకే మోడలర్లు ఎయిర్‌బ్రష్‌తో పల్చగా, విడతలు విడతలుగా కొడతారు.

రామగుండం ఎండ, ఆదిలాబాద్ చలి

రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అలాంటి రోజు ఎండలో నిలిపిన బండి రేకు అంతకంటే ఎక్కువ కాగుతుంది, 60 డిగ్రీలు దాటినా ఆశ్చర్యం లేదు. అదే బండి డిసెంబరులో ఆదిలాబాద్ రోడ్డెక్కితే తెల్లవారుజామున 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో ఉంటుంది. ఆ జిల్లాలో ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల దిగువకు పడిపోయిన రోజులూ ఉన్నాయి. అంటే ఒకే రేకు ఏడాదిలో 50 డిగ్రీల తేడాను చూస్తుంది.

ఉక్కు ఒక మీటరు పొడవుంటే, 50 డిగ్రీల తేడాకు సుమారు 0.6 మిల్లీమీటర్లు సాగుతుంది. దాని మీద ఉన్న రంగు ఒక పాలిమరు. విడిగా వదిలితే అది ఇంతకు కొన్ని రెట్లు సాగుతుంది, కొన్ని రెట్లు కుంచించుకుపోతుంది. కానీ అది ఉక్కుకు అతుక్కుని ఉంది. కొత్త రంగుకు సాగే గుణం ఉంటుంది కాబట్టి ఈ లాగుడును ఓర్చుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి తగిలాక రంగు పెళుసుబారుతుంది. అప్పుడు చలిరాత్రి కుంచించుకోవాలన్న రంగును ఉక్కు కుంచించుకోనివ్వదు. రంగు పగులుతుంది. వెంట్రుకవాసి పగులు చాలు, నీటికి దారి దొరికినట్టే.

వెలిసిపోవడం ఇంకో కథ. రంగులో రెండు భాగాలుంటాయి. ఛాయనిచ్చే పొడి ఒకటి, ఆ పొడిని పట్టి ఉంచే బంధకం ఇంకొకటి. ఎండ ముందు బంధకాన్ని తినేస్తుంది. ఆధారం పోయిన పొడి పైకి తేలి చేతికి అంటుకుంటుంది. ఎండ నేరుగా పడేది పైభాగాల మీద కాబట్టి పైకప్పు, బానెట్ ముందు వెలుస్తాయి, నిటారు పక్కలు తర్వాత. మోడల్‌కు రంగు వేసేటప్పుడు పైతలాలకు అసలు రంగులో కాస్త తెలుపో లేత పసుపుపచ్చో కలిపి కొడితే, ఏ పెచ్చూ వేయకముందే బండికి సగం వయసు వచ్చేస్తుంది. నా దృష్టిలో వెదరింగ్‌లో అతి తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చే పని ఇది. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా పెచ్చుల మీద పడతారు.

నీటిబొట్టు కింద ఏం జరుగుతుంది?

ఇప్పుడు తుప్పు. ఇనుముకు నీరు, ఆక్సిజన్ రెండూ తగిలితే తుప్పు పడుతుందని బడిలో చదువుకున్నాం. కానీ అది ఎక్కడ పడుతుందన్నదే మోడలర్‌కు కావాలి. 1920లలో కేంబ్రిడ్జ్‌లో యులిక్ ఎవాన్స్ చేసిన చిన్న ప్రయోగం దీనికి జవాబు. ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి బొట్టు పెట్టాడు. బొట్టు అంచుల్లో గాలి బాగా అందుతుంది, మధ్యలో తక్కువ. ఇనుము కరిగింది మధ్యలో! అక్కడ విడుదలైన ఎలక్ట్రాన్లు రేకు గుండా అంచుకు చేరి, ఆక్సిజన్‌తో, నీటితో కలిసి క్షారాన్ని పుట్టించాయి. కరిగిన ఇనుము, ఆ క్షారం కలిసే చోట, రెంటికీ నడుమ వలయంగా తుప్పు పేరుకుంది.

ఇదే పని పెచ్చు దగ్గర జరుగుతుంది. ఊడిన చోట ఇనుము కరుగుతుంటే, చుట్టూ ఉన్న రంగు అంచు కింద క్షారం పుడుతుంది. ఆ క్షారం రంగుకూ ఇనుముకూ మధ్య పట్టును వదులు చేస్తుంది. పైగా తుప్పు ఇనుము కంటే చోటు ఎక్కువ అడుగుతుంది. రకాన్ని బట్టి రెండింతల నుంచి ఆరింతల దాకా. కింద నుంచి ఉబ్బుతున్న తుప్పు వదులైన రంగును పైకి ఎత్తుతుంది. అది విరిగి పడితే పెచ్చు పెద్దదవుతుంది. కథ మళ్లీ మొదలు.

దీన్నిబట్టి మోడలర్‌కు మూడు సంగతులు తెలుస్తాయి. తుప్పు ఉత్తినే చదును రేకు మధ్యలో పుట్టదు, ఒక పగులో పెచ్చో అతుకో దానికి మొదలు కావాలి. దాని చార నీరు నడిచిన దారినే నడుస్తుంది, అంటే నిలబడ్డ బండికి నిట్టనిలువుగా కిందికి. మూడోది రంగు. పాత తుప్పు ముదురు గోధుమ, గాలి తక్కువ అందిన లోపలి పొర నలుపు, కొత్తది నారింజ. మధ్యలో ముదురు, చుట్టూ నారింజ మసక, కిందికి సన్నబడే చార అనే వరుస తప్పితే, ఎంత మంచి తుప్పు రంగు కొన్నా టీ మరకలాగే మిగిలిపోతుంది.

డంపర్ తొట్టి ఎందుకు మెరుస్తుంది?

సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే 100 టన్నుల పసుపు డంపర్ తొట్టి లోపల చూస్తే, తుప్పు గురించి ఇంతసేపు చెప్పుకున్నదంతా తారుమారైనట్టనిపిస్తుంది. రంగు లేని ఉక్కు, వానలో తడుస్తుంది, అయినా అడుగు భాగం అద్దంలా మెరుస్తుంది!

కారణం బొగ్గు అనుకుంటారు. బొగ్గు మెత్తనిది. ఆ పని చేసేది ఓబీ, అంటే బొగ్గు పైన ఉండే మట్టి, రాయి. గోదావరి లోయ బొగ్గు పొరల మీద మందపాటి ఇసుకరాయి ఉంటుంది. బొగ్గు తీయాలంటే ముందు దాన్ని పేల్చి ఎత్తిపోయాలి, కాబట్టి గనిలో డంపర్లు బొగ్గు కంటే ఓబీనే ఎక్కువ మోస్తాయి. ఇసుకరాయిలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ స్కేలు మీద 7, మామూలు ఉక్కుది 4 నుంచి 5. ప్రతి ట్రిప్పుకూ టన్నుల కొద్దీ రాయి తొట్టి అడుగున జారుతూ ఉక్కును సానపడుతుంది. తుప్పు పట్టే తీరిక దొరకదు. రాత్రి వాన కురిసి బండి ఆగిపోతే తెల్లారేసరికి లేత నారింజ పొర కమ్ముతుంది. పొద్దున నాలుగు ట్రిప్పులు తిరిగేసరికి అదీ పోతుంది. మూలల్లో, రాయి జారని చోట, తడి మట్టి అతుక్కున్న చోట మాత్రం ముదురు తుప్పు నిలకడగా ఉంటుంది.

అందుకే డంపర్ మోడల్ చేసేవాడు ముందు ఒక నిర్ణయం తీసుకోవాలి. ఇది పనిలో ఉన్న బండా, మూలనపడ్డ బండా? పనిలో ఉన్నదైతే తొట్టి అడుగుకు ముదురు ఉక్కు రంగు వేసి, 6బీ పెన్సిల్ ములుకు పొడి చేసి వేలితో రుద్దాలి. గ్రాఫైట్ పలకలు చదునుగా పరుచుకుని నిజమైన లోహపు మెరుపునిస్తాయి. ఏ వెండి రంగూ దానికి సాటి రాదు. తొట్టి పై అంచులో, షావెల్ యంత్రం ఎత్తిపోసేటప్పుడు బండలు తగిలే చోట లోతైన పెచ్చులు వేయాలి. నిచ్చెన మెట్ల మీద పెచ్చులు కాదు, అరుగు రావాలి. డీజిల్ ట్యాంకు మూత కింద నూనె చార, దానికి అంటుకున్న దుమ్ము ఉండాలి. మూలనపడ్డ బండైతే మెరుపు ఎక్కడా ఉండకూడదు.

హెయిర్ స్ప్రే కిటుకు

ఇక బల్ల మీది పని. ఎన్నో పద్ధతులున్నాయి గానీ నాకు నచ్చింది హెయిర్ స్ప్రే. ఇందులో పెచ్చును గీయరు, నిజంగానే ఊడగొడతారు.

ముందు మోడల్ మొత్తానికి ముదురు తుప్పు రంగులు వేయాలి. రెండు మూడు ఛాయలు మచ్చలు మచ్చలుగా కలిపితే మేలు. అది పూర్తిగా ఆరాక పారదర్శక వార్నిష్ కొట్టాలి. ఇది తర్వాత జరిగే రుద్దుడు నుంచి తుప్పు పొరను కాపాడుతుంది. దాని మీద జుట్టుకు కొట్టుకునే మామూలు హెయిర్ స్ప్రే రెండు పల్చటి పూతలు. అది ఆరాక అక్రిలిక్ రంగు, మన డంపర్‌కైతే పసుపు, పల్చగా కొట్టాలి. ఓ అరగంటో గంటో ఆగి, రంగు ఊడాలనుకున్న చోట నీళ్లలో ముంచిన కుంచెతో తడపాలి. నిమిషం తర్వాత గట్టి వెంట్రుకల కుంచెతోనో పళ్లపుల్లతోనో మెల్లగా రుద్దితే పసుపు పెచ్చులుగా లేచి కింద తుప్పు బయటపడుతుంది.

ఎలా జరుగుతుందిది? హెయిర్ స్ప్రేలో ఉండేది నీటికి లొంగే పాలిమరు. దాని గుణం నూలు చీరకు పెట్టిన గంజి లాంటిది. ఆరితే బిరుసుగా నిలుస్తుంది, తడి తగిలితే మెత్తబడి వదిలేస్తుంది. పైన ఉన్న కొత్త అక్రిలిక్ పొరలో కంటికి కనబడని సందులుంటాయి, నీరు వాటిగుండా కిందికి దిగుతుంది. నడుమ పొర ఉబ్బి మెత్తబడగానే పైపొరకు ఆధారం పోతుంది. అక్కడ పగిలేది నిజంగానే పొర కాబట్టి అంచులు నిజం పెచ్చులాగే వంకరగా వస్తాయి. కుంచె పట్టిన చెయ్యికి అంత వంకర తెలియదు. మనిషి చెయ్యి తెలియకుండానే ఒకే సైజు మచ్చలు సమదూరంలో పెట్టుకుంటూ పోతుంది.

సమయం ఇక్కడ కీలకం. రంగును రోజుల తరబడి వదిలేస్తే అక్రిలిక్ కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి సందులు మూసుకుంటాయి, నీరు దిగదు. రంగును నీటితో పలచన చేస్తేనే మంచిది, ఘాటైన లాకర్ థిన్నర్‌తో చేస్తే అది హెయిర్ స్ప్రే పొరను కొరికి రెంటినీ ఒకటి చేసేస్తుంది. పెచ్చులు చిన్నవి కావాలంటే హెయిర్ స్ప్రే పల్చగా, పెద్దవి కావాలంటే మందంగా. తృప్తిగా కుదిరాక మళ్లీ వార్నిష్ కొట్టి బిగించాలి, లేకపోతే తర్వాతి తడికి మిగతా రంగూ లేస్తుంది.

దీని మీద మరకల కోసం వాడేది ఆయిల్ రంగులు, టర్పెంటైన్‌తో పలచన చేసి. కింద ఆరిన అక్రిలిక్‌ను టర్పెంటైన్ కరిగించదు, అదే దీని ధైర్యం. పలచటి ముదురు రంగును రేకుల అతుకు దగ్గర ఒక్క చుక్క తాకిస్తే కేశనాళికా చర్యతో తానే గాడి వెంబడి పరుగెడుతుంది. ఒక చుక్క పెట్టి, శుభ్రమైన కుంచెతో పైనుంచి కిందికి లాగితే వానచార అవుతుంది.

బాక్స్: దొడ్డుప్పు, స్పాంజి

హెయిర్ స్ప్రేకు ముందు నుంచీ ఉన్నది ఉప్పు పద్ధతి. తుప్పు రంగు వేసిన మోడల్‌ను తడిపి, దొడ్డుప్పు నలిపి చల్లి ఆరనివ్వాలి. పైన రంగు కొట్టి, ఆరాక ఉప్పును రాల్చేస్తే అది కప్పి ఉంచిన చోట్ల తుప్పు కనబడుతుంది. పెద్దపెద్ద పొలుసులుగా లేచిన రంగుకు ఇది బాగుంటుంది. మరీ చిన్న స్కేలుకు ఉప్పు గల్లు పెద్దవైపోతాయి.

టైరు పక్క రేకుకు, బానెట్ ముందు భాగానికి స్పాంజి చాలు. చింపిన స్పాంజి ముక్క కొసను రంగులో ముంచి, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన ఆ కొంచెంతో ముట్టించీ ముట్టించనట్టు అద్దాలి. రాళ్లదెబ్బలు ఒక పద్ధతి లేకుండా పడతాయి, స్పాంజి రంధ్రాలకూ పద్ధతి లేదు. అందుకే కుదురుతుంది.

దుమ్ముకూ ఊరుంటుంది

కరీంనగర్ చుట్టుపక్కల ఎర్ర చెల్కలు ఎక్కువ, ఆదిలాబాద్ పత్తి నేలలు నల్లరేగడి. చెల్క ఎరుపు ఐరన్ ఆక్సైడ్‌ది. రేగడి తడిగా ఉంటే నలుపు, ఆరి దుమ్ముగా లేస్తే బూడిద రంగు. ఆదిలాబాద్ మార్కెట్‌కు పత్తి తెచ్చే లారీ మోడల్ మీద ఎర్రదుమ్ము కొడితే ఆ లారీ ఆదిలాబాద్‌ది కాదు. ‘టాన్ బ్రౌన్’ పేరుతో విదేశాలకు వెళ్లే కరీంనగర్ గ్రానైట్ దిమ్మెల ట్రెయిలర్‌కు రాయి కోసిన తెల్లటి పొడి ఉండాలి, బెడ్డు మీద దిమ్మె జరిగిన చోట్ల లోతైన గీతలుండాలి.

ఎర్ర చెల్క దుమ్మూ తుప్పూ రెండూ ఐరన్ ఆక్సైడ్లే కావడం మోడలర్‌కు ఒక చిక్కు. దూరానికి ఒకేలా కనబడతాయి. తేడా చోటులో ఉంది. దుమ్ము పైన కూర్చుంటుంది, పల్లాల్లో, అడ్డపట్టీల మీద చేరుతుంది. తుప్పు గాయం నుంచి పుడుతుంది. నడిచే బస్సు వెనక గాలి సుడి తిరిగి దుమ్మును లోపలికి లాక్కుంటుంది కాబట్టి వెనక అద్దం ఎప్పుడూ ముందు అద్దం కంటే మాసి ఉంటుంది. మోడల్‌కూ అంతే వేయాలి.

అసలు ఊరి మట్టినే తెచ్చి చల్లితే నిజంగా ఉంటుంది కదా అనిపిస్తుంది. రంగు నిజమే, సైజు కాదు. అర మిల్లీమీటరు ఇసుక రేణువు 1:35లో 1.75 సెంటీమీటర్ల గులకరాయి. మట్టి వాడాలనుకుంటే రోట్లో మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, ఆ గుడ్డ దాటిందే వాడాలి.

ఎంత చాలు?

ఇంటర్నెట్‌లో మెప్పు పొందే మోడళ్లు చూస్తే ప్రతి ట్యాంకూ సముద్రంలోంచి తీసినట్టే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ముందువరుసకు వెళ్లిన చాలా ట్యాంకులకు అంత తుప్పు పట్టేంత ఆయుష్షే లేదు. నెలల్లోనే ధ్వంసమయ్యేవి. వాటి మీద దుమ్ము, బురద, బూట్ల అరుగు నమ్మొచ్చు, పొలుసులు లేచిన తుప్పు నమ్మలేం.

దీనికి ఎదురు ఉదాహరణా ఉంది. అదే యుద్ధంలో పసిఫిక్ రంగంలోని జపాన్ సైన్యపు విమానాల ఫొటోల్లో రంగు పెద్దపెద్ద అట్టలుగా లేచిపోయి ఉంటుంది. అది మోడలర్ల అతిశయోక్తి కాదు. చాలా విమానాలకు ప్రైమరు లేకుండా నేరుగా నున్నటి అల్యూమినియం మీదే, కొన్నిసార్లు యుద్ధ స్థావరంలోనే, పై రంగు కొట్టేశారు. పట్టునిచ్చే పొర లేదు. నకాషీ పనివాడు లప్పం, తెల్లపూత మానేసి నేరుగా పొనికి కర్రకు రంగు వేస్తే ఏమవుతుందో అక్కడ అదే అయింది.

కాబట్టి ఎంత చాలన్నదానికి ఒకే కొలత లేదు. మోడల్ మొదలుపెట్టే ముందు అసలు బండి ఫొటోలు దగ్గర పెట్టుకోండి. ప్రతి మచ్చకూ ‘ఇక్కడ ఏం తగిలింది?’ అని అడగండి. జవాబు దొరకని మచ్చ వేయకండి.

చివరగా ఒక హెచ్చరిక. నిజం పెచ్చుల కోసం పాత లారీ రంగునో పాత యంత్రాల రంగునో గీకి తెచ్చుకోకండి. పాత పసుపు, ఎరుపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అదీ ఇళ్ల, అలంకరణ రంగులకే. గీకినప్పుడు లేచే సీసపు దుమ్ము పిల్లల మెదడుకు ప్రమాదం. థిన్నర్లు, స్ప్రేలు వాడేటప్పుడు కిటికీలు తెరవండి, ఆర్గానిక్ ఆవిరిని ఆపే ఫిల్టరున్న మాస్కు పెట్టుకోండి. గుడ్డ మాస్కు దుమ్మును కొంత ఆపుతుందేమో గానీ, ఆవిరిని ఆపదు.